కుంతల దారిలో మనకంటే ముందు నడిచినోళ్లు

మనది చొప్పదండి అని మీకు తెలుసు కదా. వాన పడ్డదంటే చాలు, మన దగ్గరి పిలగాళ్ల ఫోన్లన్నిట్ల ఒక్కటే వీడియో: కుంతల. నురగలు కక్కుతూ దూకే నీళ్లు, వెనక ఒక పాట, ముందు నలుగురు దోస్తులు. చూడడానికి బాగుంటది, నేను కాదనను. కానీ ఆ వీడియోల్లో నీళ్లు పైనుంచి వచ్చి కింద పడేంత వరకే కనిపిస్తయి. పడ్డంక ఎటు పోతయి, పడకముందు ఎవరి ఊరు దాటి వచ్చినయి అని అడిగినోళ్లు తక్కువ. ఈ ఎపిసోడ్ ఆ సంగతే.

ముందు ఒక లెక్క చెప్తా. కుంతల ఎత్తు 45 మీటర్లు, అంటే 147 అడుగులు. ఆదిలాబాద్ జిల్లా నేరడిగొండ మండలంలో, కడెం నది మీద ఉంటది. అక్కడ దూకిన నీళ్లు కొండల మధ్య నుంచి కిందికి దిగి కడెం ప్రాజెక్టులోకి వస్తయి. గేట్లు ఎత్తితే గోదావరిలో కలుస్తయి. గోదావరి కలమడుగు, ధర్మపురి, రాయపట్నం దాటి ఎల్లంపల్లికి చేరుతది. ఎల్లంపల్లి నుంచి మోటార్లతో నంది మేడారానికి, అక్కడి నుంచి సొరంగంలో మన రామడుగు మండలం లక్ష్మీపూర్‌కి. లక్ష్మీపూర్ అంటే మనకు పక్క ఊరి లెక్క. అక్కడ భూమి లోపల ఒక్కోటి 139 మెగావాట్ల మోటార్లు 7 ఉన్నయి. 2019లో మొదలైనయి. నీళ్లను వంద మీటర్లకు పైగా పైకి ఎత్తి వరద కాలువలో పోస్తయి. అంటే కుంతల ఎంత ఎత్తు నుంచి దూకుతదో అంతకు రెండింతలకన్న ఎక్కువ ఎత్తుకు, తలకిందులుగా, మన ఊరి పక్కనే నీళ్లు ఎక్కుతున్నయి. నాకైతే ఈ ముచ్చట తెలిసినప్పటి నుంచి కుంతలను "దూరం ఊరి జలపాతం" అని అనబుద్ధి కాలేదు.

ఇంకో చిత్రం ఉంది. లక్ష్మీపూర్ పంప్‌హౌస్ పేరు గాయత్రి. అటు నేరడిగొండ, ఇచ్చోడ వైపు అడవిలో కడెం మీదనే ఇంకో జలపాతం ఉంది, దాని పేరూ గాయత్రి జలపాతమే. అయితే ఆ జలపాతానికి స్థానికులు పిలిచే పాత పేరు వేరే: గాడిద గుండం. ముక్తి గుండం అని కూడా అంటరు. బోర్డుల మీద, మ్యాపుల్లో గాయత్రి ఎక్కింది. గాడిద అంటే సిగ్గనిపించిందో ఏమో మరి! నాకు మాత్రం గాడిద గుండమే నచ్చుతది. ఆ పేరు పెట్టినోడు అక్కడికి నడిచి పోయినోడు అని పేరే చెప్తది.

గుండం అనే మాట మీకు కొత్త కాదు. రామగుండంలో ఉన్నది అదే గుండం. రాతిలో నీళ్లు తొలిచిన లోతు గుంత. ఆదిలాబాద్ కొండల్లో జలపాతాల పాత పేర్లు చూడండి, సగం గుండాలే. బజార్‌హత్నూర్ మండలం గిర్నూర్ దగ్గర కనకాయి ఉంది, దాని పక్కనే బండరేవు, చీకటి గుండం. ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలం పిట్టగూడ దగ్గర మిట్టె జలపాతం ఉంది, దాన్ని సప్తగుండాల అంటరు, ఒకదాని వెనక ఒకటి ఏడు గుండాలు. గమనించారా? మనం జలపాతం అని పడే నీళ్లను చూసి పేరు పెడతాం. అక్కడ ఉండేటోళ్లు నీళ్లు ఆగే చోటును చూసి పేరు పెట్టిండ్రు. ఎండాకాలంలో పైన ధార ఎండిపోతది, గుండంలో నీళ్లు మిగులుతయి. మనిషికైనా పశువుకైనా కావల్సింది ఆ మిగిలిన నీళ్లు. ఫొటోకు పనికొచ్చేది వేరు, బతకడానికి పనికొచ్చేది వేరు.

మరి కుంతల? దీనికి మూడు కథలున్నయి. మొదటిది అందరికీ తెలిసిందే: దుష్యంతుని భార్య శకుంతల ఇక్కడ స్నానం చేసేదట, అందుకే కుంతల. రెండోది, ఇక్కడ నీళ్లు కుంటలు కుంటలుగా ఆగి ఒకదాంట్లో నుంచి ఒకదాంట్లోకి పోతయి, ఆ కుంటలే కుంతల అయినయి. మూడోది, పాత శాసనాల్లో దక్కన్‌లో కుంతల దేశం అని ఒకటుంది, దానికి ముడిపెట్టేటోళ్లు ఉన్నరు. నన్నడిగితే నా ఓటు కుంటలకే. పక్కనున్న వాటన్నిటికీ గుండం, రేవు, మిట్ట అని పేర్లుంటే దీనికొక్కదానికి పురాణం నుంచి పేరు వచ్చిందంటే నమ్మబుద్ధి కాదు. పెద్ద జలపాతం కాబట్టి పెద్ద కథ తగిలించి ఉంటరు. కుంతల దగ్గర రాతి గుహలో సోమేశ్వరస్వామి ఉన్నడు, నీళ్లు తగ్గినంక శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ల జనం పోతరు. శకుంతల కథ కంటే ఆ శివరాత్రి నడక పాతదేమో అని నా అనుమానం. రుజువు అడగకండి, అనుమానమే.

అసలు ఈ ఒక్క ప్రాంతంలోనే ఇన్ని జలపాతాలు ఎందుకు? మన కరీంనగర్ దిక్కు గుట్టలున్నయి, వాగులున్నయి, కానీ ఇట్లా దూకేవి ఇన్ని లేవు. సంగతేందంటే, సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద పశ్చిమ దక్కన్ అంతా లావా పారింది. ఒకసారి కాదు, పొర మీద పొర. ఆ నల్లరాతి పొరల తూర్పు అంచు ఆదిలాబాద్ పీఠభూమి మీదికి వస్తది. దాన్ని దక్కన్ ట్రాప్ అంటరు. ట్రాప్ అంటే ఇక్కడ ఉచ్చు కాదు, స్వీడన్ భాషలో మెట్లు అనే మాట నుంచి వచ్చింది. పొరలు మెట్లు మెట్లుగా ఉంటయి కాబట్టి. ఆ రాయి అరిగి నల్లరేగడి అయింది, అందుకే ఆదిలాబాద్ అంటే పత్తి. పీఠభూమి పైన చదునుగా ఉండి అంచుల్లో ఒక్కసారిగా గోదావరి లోయలోకి దిగుతది. దిగే చోట వాగు దూకక ఏం చేస్తది?

ఆ దిగే దారి నీళ్లది. ఎక్కే దారి మనుషులది. ఇక్కడి నుంచే నాకు ఇష్టమైన భాగం.

ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరుగుతది, పుష్య అమావాస్యకు. గోండుల్లో మెస్రం వంశంవాళ్లు చేస్తరు. జాతర అంటే మనకు ఆ రాత్రి, ఆ వెలుతురు, దుకాణాలు, మంత్రుల దర్బారు గుర్తొస్తయి. దానికి ఎన్నో రోజుల ముందే మెస్రంవాళ్లు కేస్లాపూర్ నుంచి బయల్దేరుతరు. కాళ్లకు చెప్పుల్లేకుండా, తెల్లబట్టల్లో, వరుసగా కొండలు దిగి, ఊరూరు ఆగుతూ జన్నారం మండలం కలమడుగు దగ్గర గోదావరిలో హస్తినమడుగు అనే చోటికి వస్తరు. అక్కడ ఝరిలో, అంటే ఇత్తడి చెంబులో, నీళ్లు ముంచుకొని మళ్లీ నడిచి పైకి పోతరు. ఆ నీళ్లతోనే నాగోబాకు అభిషేకం. కేస్లాపూర్ చేరినంక మర్రిచెట్ల కింద బస. వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లను దేవునికి, పెద్దలకు చూపించే భేటింగ్ కూడా అప్పుడే.

ఇప్పుడు మ్యాప్ తీసి చూడండి. కడెం గోదావరిలో కలిసేది కలమడుగుకు ఎగువన. అంటే హస్తినమడుగులో ముంచే చెంబులో కుంతల నుంచి, కనకాయి నుంచి దిగివచ్చిన చుక్కలు కూడా ఉంటయి. కొండ మీది నుంచి దూకి పోయిన నీళ్లను మనుషులు దిగివచ్చి, చెంబులో పట్టుకొని, నడిచి కొండ మీదికి తీసుకపోతున్నరు. లక్ష్మీపూర్ మోటార్లు చేసే పనే. కరెంటు బిల్లు లేదు, అంతే తేడా. (ఈ మాట ఒక దోస్తుకు చెప్తే, "అన్నా, ఎకరాలెన్ని పారతయి మరి?" అన్నడు. నిజమే, దేని లెక్క దానిది.)

మనం ట్రెక్కింగ్ అని బూట్లు కొనుక్కొని చేసే పని ఈ నేల మీద ఎప్పటి నుంచో ఉంది. పేరే వేరు. వాళ్ల కథలు కూడా నడకలోనే ఉంటయి. ప్రధాన్‌లు కిక్రి వాయించుకుంటూ గోండుల వంశ చరిత్ర పాడుతరు. పుస్తకం లేని చరిత్ర అంటరు కొందరు. పుస్తకం లేకపోతే చరిత్ర లేదని కాదు కదా.

నిర్మల్ దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. కుంతలకు పోయేటోళ్లు చాలామంది నిర్మల్ మీదుగానే పోతరు, కొయ్యబొమ్మలు చూస్తరు, మహబూబ్ ఘాట్ ఎక్కుతరు. 1857 తిరుగుబాటు తర్వాత ఇక్కడ రాంజీ గోండు బ్రిటిష్, నిజాం సేనలతో కొట్లాడిండు. 1860లో పట్టుకొని, వెయ్యిమందితో కలిపి ఒక మర్రిచెట్టుకు ఉరితీసిండ్రని ఇప్పటికీ చెప్పుకుంటరు. వెయ్యి ఉరుల మర్రి. ఘాట్ ఎక్కేముందు ఈ ఒక్క పేరు తెలిసి ఎక్కితే చాలు.

ఇక కుమ్రం భీం. ఆర్ఆర్ఆర్ సినిమా చూసినోళ్లందరికీ భీం తెలుసు అనుకుంటం. సినిమా సినిమానే, అందులో ఢిల్లీ కథ కల్పితం అని తీసినోళ్లే చెప్పిండ్రు. అసలు కథ ఢిల్లీల లేదు, జోడేఘాట్‌లో ఉంది. కెరమెరి మండలం, గుట్టల మీద. కొట్లాట దేని కోసం? చాలా మామూలు విషయాల కోసం. నిజాం సర్కారు అడవిని రిజర్వు అని గీత గీసింది. గీత లోపల ఉన్న చేను చేను కాదు అన్నది. కట్టె కొడితే జరిమానా, పశువులు మేపితే పన్ను. తరతరాలుగా పోడు చేసుకునేటోడు ఒక్క రాత్రిలో దొంగ అయిండు. బాబేఝరి, జోడేఘాట్ మొదలైన 12 ఊళ్ల భూముల కోసం భీం అర్జీలు పెట్టిండు, తిరిగిండు, చివరికి తుపాకి పట్టిండు. 1940లో జోడేఘాట్ దగ్గర పోలీసుల కాల్పుల్లో చనిపోయిండు. ఆశ్వయుజ పౌర్ణమికి ఇప్పటికీ వర్ధంతి చేస్తరు. జల్, జంగల్, జమీన్ అనే మాట ఆయన పేరుతోనే నడుస్తది. ఆ మూడింట్లో మొదటిది నీళ్లు అని మాత్రం గుర్తుపెట్టుకోండి. చదవాలనుకునేటోళ్లకు సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన నవల ఉంది.

భీం చనిపోయినంక నిజాం సర్కారుకు ఒక ప్రశ్న మిగిలింది: వీళ్లు ఎందుకు తిరగబడ్డరు? అది తెలుసుకునే పని ఒక విచిత్రమైన మనిషి చేతిలో పడ్డది. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఆయన ఇండియాలో ఉన్నడు. ఆస్ట్రియాను హిట్లర్ కలుపుకున్నడు కాబట్టి ఈయన చేతిలో జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్‌వాళ్ల లెక్కలో శత్రుదేశస్థుడు. ఇంకెక్కడికీ పోనియ్యకుండా హైదరాబాద్ రాజ్యంలో ఉండమన్నరు. వేరేటోళ్లయితే బంగళాలో కూర్చుని యుద్ధం అయ్యేదాకా ఎదురుచూసేటోళ్లు. ఈయన భార్య బెట్టీతో కలిసి అడవి పట్టిండు. చెంచుల మీద, కొండరెడ్ల మీద, తర్వాత ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద రాసిండు. గోండుల పుస్తకం 1948లో వచ్చింది. జైనూర్ మండలం మార్లవాయిలో గుడిసె వేసుకొని ఉన్నరు ఇద్దరూ.

ఆయన సర్కారుకు చెప్పిన మాట తేలికగా అర్థమయ్యేదే: ఇది శాంతిభద్రతల సమస్య కాదు, భూమి సమస్య. పట్టాలు ఇవ్వండి, గోండి భాషలో బడి పెట్టండి. 1940ల్లో మార్లవాయిలో గోండు పిల్లలకు బడి, పంతుళ్లకు శిక్షణ మొదలైనయి. నాగోబా జాతరలో అధికారులు వచ్చి గిరిజనుల ఫిర్యాదులు వినే దర్బారు కూడా ఆ రోజుల్లో మొదలైందే. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి కట్టిండ్రు. ఆయన 1995లో లండన్‌లో పోయిండు, తర్వాత ఆయన అస్థికలూ ఆమె పక్కకే తెచ్చిండ్రు. జనవరిలో ఊరోళ్లు వర్ధంతి చేస్తరు. మిట్టె జలపాతానికి పోయేటోళ్లు మార్లవాయికి కూడా పోవచ్చు, అదే దిక్కు. ఎంతమంది పోతున్నరో ఆ రెండు చోట్ల రీల్స్ లెక్కబెట్టుకోండి.

హైమన్‌డార్ఫ్‌ను దేవున్ని చేయడం నాకు ఇష్టముండదు. ఆయన నిజాం సర్కారు మనిషే, తర్వాత సలహాదారు కూడా అయిండు. భీం తుపాకి పట్టకపోతే ఆయన్ని మార్లవాయికి పంపేటోళ్లు కాదు. పట్టాలు వచ్చినయి నిజమే, కానీ వచ్చిన భూమి నిలవలే. రోడ్లు పడ్డంక మైదానం నుంచి, మహారాష్ట్ర నుంచి జనం వచ్చిండ్రు, నల్లరేగడి పత్తికి మంచిది కదా. అప్పుల కింద, కౌళ్ల కింద భూములు చేతులు మారినయి. గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనొద్దని చెప్పే 1/70 చట్టం కాగితం మీద గట్టిగనే ఉంది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సంత రోజు భూముల కోసం సభ పెడితే పోలీసులు కాల్చిండ్రు. సర్కారు 13 మంది అన్నది, పౌరహక్కుల సంఘాలు అంతకన్న చాలా ఎక్కువ అన్నయి. అక్కడ స్తూపం ఉంది. ఉట్నూరు నుంచి ఆదిలాబాద్ పోతుంటే ఆ దారిలోనే. ఏళ్ల తరబడి ఏప్రిల్ 20న ఆ స్తూపం దగ్గరికి పోవడానికి కూడా ఆంక్షలే ఉండేవి.

2012లో కవ్వాల్ పులుల అభయారణ్యం వచ్చింది. పులి కావాలి, నేను వద్దనను. మహారాష్ట్ర తాడోబా నుంచి పులులు ఈ అడవిలోకి నడిచి వస్తయి. వాటికీ దారి కావాలి. కానీ కడెం మండలంలో అడవి నడుమ ఉన్న మైసంపేట, రాంపూర్ ఊళ్లు లేచి కొత్త మద్దిపడగకు వచ్చినయి. అడవిలో కొత్త గీత గీసినప్పుడల్లా ముందుగాల లేచేది గుడిసెలే. ఈ మధ్య లింగాపూర్ వైపు పోయినప్పుడు ఒక పెద్దాయన్ని మిట్టెకు దారి అడిగిన. చూపించిండు. చూపిస్తూ, "మీరు ఆదివారం ఆదివారం వస్తరు, అటవీ శాఖోళ్లు మిమ్మల్ని ఆపరు. మేం కట్టెలకు పోతే ఆపుతరు" అన్నడు. కోపంగా కూడా అనలే. గోండిలో నీళ్లను ఏర్ అంటరు, వినడానికి మన ఏరు లాగే ఉంటదని ఆయన దగ్గరే తెలుసుకున్న.

సరే, మీరు ఎట్లాగూ పోతరు. పోండి. చొప్పదండి నుంచి రెండు దారులు. జగిత్యాల, కోరుట్ల, ఆర్మూర్ మీదుగా నిర్మల్ పోయి, 44 నంబరు జాతీయ రహదారి మీద నేరడిగొండ దగ్గర తిరిగితే కుంతల. లేకపోతే ధర్మారం, రాయపట్నం దాటి లక్షెట్టిపేట, జన్నారం మీదుగా. రెండో దారి కొంచెం ఆలస్యం, కానీ హస్తినమడుగు పక్క నుంచి, కవ్వాల్ అడవి అంచు నుంచి పోతది. నేనైతే ఇటే పోతా.

కుంతల దగ్గర కిందికి నాలుగొందల దాకా మెట్లుంటయి. దిగేటప్పుడు ఏం తెలియదు. ఎక్కేటప్పుడే తెలుస్తది. గుండం గురించి ఇందాక చెప్పిన కదా, అది ఇక్కడ పనికొస్తది. పైన చూస్తే నీళ్లు మోకాళ్ల లోతు, పక్క అడుగులో రాతి గుంత మనిషిని మింగేంత లోతు. నీళ్ల అడుగున తెలియదు. పాచి పట్టిన బండ మీద బూటు కూడా ఆగదు. ఇంకోటి: మీరు నిలబడ్డ చోట ఎండ కొడుతుండొచ్చు, పైన బజార్‌హత్నూర్ కొండల్లో వాన దంచితే కాసేపటికి ఆ నీళ్లన్నీ మీ దగ్గరికే వస్తయి. నీళ్ల రంగు మారి ఆకులు, పుల్లలు కొట్టుకురావడం కనిపిస్తే బయటికి రండి. ఫోన్ జారిపోతే పోనియ్యండి. ప్రతి ఏడు వానాకాలంలో పేపర్లో కుంతల అనే పేరు ఎందుకు వస్తదో మీకు తెలుసు, వాళ్లలో ఈత వచ్చినోళ్లు కూడా ఉన్నరు. స్థానికులు వద్దన్న చోటికి పోవద్దు. ఆ మాట భయపెట్టడానికి అనరు. శవాన్ని బయటికి తీసే పని కూడా ఆఖరికి వాళ్ల మీదనే పడతది.

కడెం కోపం ఎంతుంటదో 2022 జులైలో మనమంతా టీవీలో చూసినం. కడెం ప్రాజెక్టుకు 18 గేట్లు. వాటన్నిటి నుంచి పోగలిగింది దాదాపు 3 లక్షల క్యూసెక్కులు, పైనుంచి వచ్చింది 5 లక్షలకు మించి. ఒక గేటు తెరుచుకోలే. గేట్ల మీది నుంచి నీళ్లు పొర్లినయి, కింద ఊళ్లు రాత్రికి రాత్రి ఖాళీ చేసిండ్రు. కట్ట నిలబడ్డది. కానీ 1958లో నిలబడలేదు. కడుతుండగానే వచ్చిన వరదకు తెగింది, తర్వాతే పెంచి మళ్లీ కట్టిండ్రు. అప్పుడు తెగిన సంగతి గురించి కడెం, ఖానాపూర్ దిక్కు ముసలోళ్లు ఇంకా చెప్తరు. మీ ఇంట్ల గానీ, చుట్టాల్ల గానీ ఆ వరద చూసినోళ్లు ఎవరన్నా ఉంటే ఫోన్‌లో వాళ్ల మాట రికార్డు చేసి పంపండి. వచ్చే ఎపిసోడ్ దాని మీదనే.